గొలుసు మార్చే ముందు గేరు చూడండి!

ఆదివారం ఉదయం పదిగంటలు. హాల్లో తివాచీ మీద ఓ బుల్లి యుద్ధట్యాంకు. 'గుర్ర్...' మంటూ రెండడుగులు ముందుకెళ్లింది. కుడివైపు తిప్పబోతే 'టక్ టక్ టక్' అంటూ ఉన్నచోటే మొరాయించింది. ఎనిమిదో తరగతి చదివే పిల్లాడి మొహం వాడిపోయింది.

''నాన్నా, దీనికి మెటల్ ట్రాకులు వేస్తే సరిపోతుందట. ఆర్డర్ పెట్టవా?''

తండ్రి సెల్‌ఫోన్ అందుకోబోయాడు. పేపరు చదువుకుంటున్న తాతయ్య కళ్లజోడు సవరించుకుని ఇటు తిరిగాడు. ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి మరి.

''ఉండండ్రా. ఆ టక్‌టక్ ట్రాకుది కాదు, లోపలెక్కడో గేరు పళ్లు జారుతున్నాయి. బండి విప్పకుండానే సామాను కొంటారట్రా ఎవరైనా?''

ఇది ఊహించుకున్న ఇల్లే. కానీ రేడియో కంట్రోల్ ట్యాంకు అడుగుపెట్టిన ఇళ్లలో ఏదో ఒక ఆదివారం ఇలాంటి సన్నివేశం తప్పదు. వేలు పోసి కొన్న బండి కొన్నాళ్లకు మొరాయిస్తుంది. దగ్గర్లో బాగుచేసేవాళ్లు దొరకరు. విడిభాగాలేమో చాలావరకూ విదేశాల నుంచి రావాలి. దాంతో అయితే అటక మీదికి ఎక్కించడం, లేదంటే 'ఇంకాస్త మంచి సామాను వేద్దాం' అంటూ మళ్లీ ఖర్చు పెట్టడం... రెండే దారులు కనిపిస్తాయి. నిజానికి మూడోది ఒకటుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని, విప్పి చూడడం!

నీళ్లట్యాంకు అని చెప్పి...

ట్యాంకు అనగానే హైదరాబాద్ వాళ్లకు ట్యాంక్‌బండ్ గుర్తొస్తుంది. అంటే చెరువు గట్టు. యుద్ధట్యాంకుకి ఆ పేరు రావడానికి కూడా కారణం నీళ్లే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఈ కొత్త వాహనాన్ని రహస్యంగా తయారుచేసింది. ఆ భారీ ఇనప పెట్టెలేమిటని ఎవరైనా అడిగితే 'నీళ్లు మోసే ట్యాంకులు' అని చెప్పమన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో అవి తొలిసారి బరిలోకి దిగాయి. ఆ దాడికి కేటాయించినవి 49. బయల్దేరాల్సిన చోటికి చేరుకోగలిగినవి 32! మిగతావి శత్రువు గుండు తగలకుండానే ఆగిపోయాయి. అప్పటినుంచీ ట్యాంకుకి శత్రువుతో ఎంత పోరాటమో తన గేర్లతో, గొలుసుతో, బరువుతో అంత పోరాటం. అడుగున్నర పొడవుండే మోడల్‌కీ ఆ తిప్పలు తప్పలేదు.

బ్యాటరీలను బట్టి కొలత

జపాన్‌లోని షిజుఒకా నగరంలో టమియా కంపెనీ ఉంది. మొదట కలప వ్యాపారం చేసేది. తర్వాత చెక్క బొమ్మలు, ఆపైన ప్లాస్టిక్ మోడళ్ల తయారీకి మళ్లింది. 1961లో ఆ కంపెనీ మోటారుతో నడిచే ఓ ట్యాంకు కిట్‌ను విడుదల చేసింది. అది రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ ట్యాంకు పాంథర్ నమూనా. లోపల రెండు బ్యాటరీలు పట్టాలి కాబట్టి దానికి తగ్గ సైజులో చేశారు. తర్వాత కొలిచి చూస్తే అసలు ట్యాంకులో దాదాపు 35వ వంతు ఉంది. మిగతా ట్యాంకులూ అదే కొలతలో చేస్తూ పోయారు. నేడు ప్రపంచమంతటా సైనిక మోడళ్లకు ప్రామాణికంగా మారిన 1/35 కొలత కథ ఇదీ! కంపెనీని ఆ స్థాయికి తెచ్చిన షున్సాకు టమియా అమెరికాలోని అబర్డీన్ ట్యాంకు మ్యూజియందాకా వెళ్లి అసలు ట్యాంకులను ఫొటోలు తీసుకుని మరీ నమూనాలు చేయించేవారు. 2025 జులైలో తొంభయ్యేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

రేడియో కంట్రోల్ ట్యాంకుల్లో ఎక్కువమంది ఇష్టపడే కొలత 1/16. టమియా ఈ కొలతలో లెపర్డ్ ట్యాంకును తెచ్చింది. ఆ తర్వాత హెంగ్‌లాంగ్ వంటి చైనా కంపెనీలు తక్కువ ధరలో తయారుచేయడం మొదలుపెట్టాక ఈ సరదా మధ్యతరగతి ఇళ్లకూ అందింది.

ఈ కొలతలో ఓ చిత్రం ఉంది. టైగర్ ట్యాంకు అసలు బరువు సుమారు 57 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదహారో వంతుకి తగ్గుతాయి కాబట్టి బరువు 4096వ వంతు అవుతుంది. అంటే దాదాపు 14 కిలోలు ఉండాలి. కానీ ప్లాస్టిక్ మోడల్ బరువు మూడు, నాలుగు కిలోలే. అందుకే అసలు ట్యాంకులా బరువుగా, హుందాగా కదలదు. ఎగురుతూ పోతుంది. 'దీనికి కాస్త బరువు పెంచాలి' అన్న కోరిక పుట్టేది ఇక్కడే. అసలు చిక్కు మొదలయ్యేదీ ఇక్కడే!

పాంథర్ నేర్పిన పాఠం

పాంథర్‌నే తీసుకోండి. ముప్ఫై టన్నుల తరగతి ట్యాంకుగా దాన్ని తలపెట్టారు. డిజైను నడుస్తుండగానే ముందు భాగపు కవచాన్ని 60 మిల్లీమీటర్ల నుంచి 80కి పెంచమన్నారు. అది పెంచారు, ఇది చేర్చారు... చివరికి బరువు 45 టన్నులకు చేరింది. మరి చక్రాలకు శక్తిని అందించే చివరి గేర్లు? వాటిని ఆ బరువుకు తగ్గట్టు బలపరచలేదు. 1943 జులైలో కుర్‌స్క్ యుద్ధానికి సుమారు 200 పాంథర్లు తొలిసారి వెళ్తే, వారం తిరక్కుండానే చాలాభాగం మూలపడ్డాయి. శత్రువు పాతిన మందుపాతరలతో పాటు సొంత యంత్రాల లోపాలూ వాటిని ముంచాయి. యుద్ధం ముగిశాక ఫ్రెంచి సైన్యం కొన్ని పాంథర్లను వాడి చూసి, ఆ చివరి గేర్లు సగటున 150 కిలోమీటర్లకు మించి రావడం లేదని తేల్చింది.

బరువు పెంచి గేరును వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు. ఇళ్లలో బుల్లి ట్యాంకులకు జరుగుతున్నదీ అదే. చూడముచ్చటగా ఉంటాయి కదా అని ముందు మెటల్ ట్రాకులు వేస్తారు. అవి ఒక్కొక్కటీ చాలా బరువు. ఆ బరువంతా ప్లాస్టిక్ గేర్ల మీద పడుతుంది. పళ్లు అరిగి జారడం మొదలవుతుంది. అప్పుడు గేర్లు మార్చకుండా బలమైన మోటారు వేస్తే పళ్లు పూర్తిగా ఊడతాయి. లేదంటే మోటారు లాగే కరెంటు తట్టుకోలేక బోర్డు కాలిపోతుంది. ఒకచోట బలం పెంచితే జబ్బు పోదు, పక్కదానికి తగులుకుంటుంది.

బైకుకి చైన్ మార్చేటప్పుడు స్ప్రాకెట్లు కూడా కలిపి మార్చమని మెకానిక్ ఎందుకంటాడు? ఇదీ అంతే!

ముందు రోగం తెలుసుకోండి

ట్యాంకు మొరాయించగానే చేయాల్సిన మొదటి పని, పొట్టకింద రెండు పుస్తకాలు పెట్టి ట్రాకులు నేలకు తగలకుండా గాల్లో ఉంచడం. బైకుకి స్టాండ్ వేసినట్టన్నమాట. ఇప్పుడు రిమోట్ నొక్కి చూడండి. గాల్లో రెండు వైపులా సాఫీగా తిరిగి, నేల మీద మాత్రం టక్‌టక్ అంటుంటే బరువు పడినప్పుడు గేరు పళ్లు జారుతున్నట్టు. గాల్లోనే ఒకవైపు నెమ్మదిగా తిరుగుతుంటే ఆ పక్క ఏదో పట్టేస్తున్నట్టు.

ఒకవైపు అసలే తిరక్కపోతే? బ్యాటరీ తీసేసి, బోర్డు దగ్గర ఎడమ, కుడి మోటార్ల ప్లగ్గులను ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. మళ్లీ పెట్టి నడపండి. ఇప్పుడూ అదే పక్క ఆగి ఉంటే లోపం మోటారులోనో గేరులోనో ఉంది. లోపం అవతలి పక్కకు మారితే తప్పు బోర్డుది. పైసా ఖర్చులేని ఈ పరీక్ష చేయకుండా బోర్డు కొనేస్తే, పాత మోటారుతో కొత్త బోర్డు ఉన్నా ట్యాంకు కదలదు.

మరి పట్టేసేది ఏమిటి? చాలాసార్లు అది తల వెంట్రుక! నేల మీద పడ్డ వెంట్రుకలు, తివాచీ దారాలు చక్రాల ఇరుసులకు చుట్టుకుని బిగుసుకుంటాయి. చక్రం తీసి, పట్టకారుతో లాగేస్తే చాలు, కొత్త బండిలా పరిగెత్తే ట్యాంకులు ఎన్నో ఉంటాయి. అసలు తివాచీ మీద నడపడమే మంచిది కాదు. ట్యాంకుకి కారులా ముందు చక్రాలు తిరగవు. ఒక ట్రాకును వేగంగా, ఇంకోదాన్ని నెమ్మదిగా నడిపితేనే మలుపు. అప్పుడు ట్రాకులు నేలను పక్కకు ఒరుసుకుంటూ జరగాలి. మెత్తటి తివాచీ వాటిని పట్టేస్తుంది. గేర్ల మీద అన్నిటికంటే ఎక్కువ భారం పడేది మలుపులోనే. నున్నటి గచ్చు, మేడమీది సిమెంటు నేల దానికి హాయి.

నెలకోసారి సర్వీసింగు

సర్వీసింగుకి పెద్ద సరంజామా అక్కర్లేదు. పాత టూత్‌బ్రష్, పాత బనీను గుడ్డ, పట్టకారు, చిన్న స్క్రూడ్రైవర్లు, కాస్త గ్రీజు, కుట్టుమిషను నూనె. ఊడదీసిన స్క్రూలు పోకుండా ఓ ఇడ్లీ ప్లేటు పెట్టుకుంటే ఒక్కో గుంటలో ఒక్కో రకం వేసుకోవచ్చు.

ముందుగా బ్యాటరీ తీసేయాలి. టరెట్‌ను ఒక్కసారిగా పైకి లాగొద్దు. దాని వైర్లు కింది బోర్డుకి కలిసి ఉంటాయి. మెల్లగా ఎత్తి, ప్లగ్గులు ఊడదీశాకే పక్కన పెట్టాలి. ఏ ప్లగ్గు ఎక్కడిదో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

గేర్లకు పాత గ్రీజు మీదే కొత్తది పూయడం పెద్ద పొరపాటు. దుమ్ము కలిసిన గ్రీజు గరుకు కాగితంలా పళ్లను అరగదీస్తుంది. ముందు గుడ్డతో శుభ్రంగా తుడవాలి. ప్లాస్టిక్‌ను పెట్రోలు, థిన్నరుతో తుడిస్తే అది పెళుసుబారి పగలొచ్చు. తర్వాత ప్లాస్టిక్‌కు హాని చేయని గ్రీజును పళ్లకు పల్చగా పూస్తే సరి. ఇరుసులకు ఒక్కో చుక్క నూనె చాలు. ట్రాకులకు మాత్రం ఏదీ రాయకూడదు. ఇసుకంతా దానికే అంటుకుంటుంది.

ట్రాకు బిగువు కూడా చూడాలి. మరీ వదులైతే మలుపులో ఊడిపోతుంది. మరీ బిగిస్తే మోటారు మూలుగుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. పైభాగంలో కొద్దిగా వేలాడుతూ ఉంటే సరైన బిగువన్నట్టు. కొత్త మెటల్ ట్రాకులు కొన్నాళ్లు నడిచాక కాస్త సాగినట్టవుతాయి. అప్పుడు ఒక లింకు తీసేస్తే మళ్లీ సరిపోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో సముద్రపుటొడ్డుకు తీసుకెళ్లాలని పిల్లలకు సరదా. ఉప్పు గాలి, తడి ఇసుక బేరింగులకు శత్రువులు. వెళ్లినా ఇంటికొచ్చిన రోజే దులిపి, తుడిచి, ఆరబెట్టాలి.

లోహానికి లోహం బిగించే స్క్రూలు ఊడిపోకుండా మెకానిక్కులు వాడే త్రెడ్‌లాక్ ఒక చుక్క వేయొచ్చు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు వద్దు. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది పగలగొడుతుంది.

ముందేది? వెనకేది?

ఇంతా చేశాక కూడా మెరుగులు దిద్దాలనిపిస్తే తప్పేం లేదు. కాకపోతే వరస తప్పకూడదు.

మొదటిది మంచి బ్యాటరీ, దానికి తగ్గ ఛార్జరు. నీరసించిన బ్యాటరీతో నడిచే ట్యాంకును చూసి మోటారు పాడైందనుకునేవాళ్లు చాలామంది.

రెండోది స్టీలు గేర్‌బాక్సులు. రెండు వైపులా కలిపే మార్చాలి. ఒకవైపు పాతది, ఒకవైపు కొత్తది ఉంటే ట్యాంకు తిన్నగా నడవదు. కొనేముందు అది మీ మోడల్‌కు సరిపోయే ఎత్తులో ఉందో లేదో, గేరు నిష్పత్తి ఎంతో చూడాలి. నిష్పత్తి పెరిగితే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. వేగం తగ్గుతుందని బెంగక్కర్లేదు. అసలు టైగర్ రోడ్డు మీద గంటకు దాదాపు 40 కిలోమీటర్లు వెళ్లేది. పదహారో వంతు కొలతలో అది రెండున్నర కిలోమీటర్లు. అంటే మనిషి నడకకన్నా నెమ్మది!

మూడోది మెటల్ స్ప్రాకెట్లు, ట్రాకులు. ఈ రెండూ జంటగానే. ప్లాస్టిక్ స్ప్రాకెట్‌కు మెటల్ ట్రాకు తగిలిస్తే పళ్లను నమిలేస్తుంది. వీటితోపాటు చక్రాలను మోసే చేతులు కూడా ఆ బరువును తట్టుకునేవై ఉండాలి. లేకపోతే ట్యాంకు పొట్ట నేలకు ఆనుతుంది.

చివరిది బోర్డు, రిమోట్. పాతకాలపు మోడళ్లు 27, 40 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేసేవి. ఒకే తరంగం మీద రెండు ట్యాంకులుంటే ఒకరి రిమోట్‌కు ఇంకొకరి ట్యాంకు కదిలేది! 2.4 గిగాహెర్ట్జ్ బోర్డులు వచ్చాక ఆ బెడద తీరింది. మీట ఎంత నొక్కితే అంత వేగం వచ్చే బోర్డు పెడితే గేర్లకూ సుఖమే. ఒక్కసారిగా కుదుపు తగలదు కాబట్టి.

బ్యాటరీతో పరాచికాలొద్దు

ఈ సరదాలో నిజంగా భయపడాల్సింది బ్యాటరీకే. పాత రకం నికెల్ బ్యాటరీలు 7.2 వోల్టులవి. ఇప్పటి లిథియం బ్యాటరీలు చాలావరకు 7.4 వోల్టులవి. అంకెలు దగ్గరగా ఉన్నాయని ఒకదాని ఛార్జరును ఇంకోదానికి పెట్టకూడదు. లిథియం బ్యాటరీకి నికెల్ ఛార్జరు తగిలిస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. 'ఇంకా వేగం కావాలి' అని 11.1 వోల్టుల బ్యాటరీ పెట్టడం మరో దుస్సాహసం. తట్టుకుంటుందని తయారీదారు రాసి ఉంటే తప్ప, బోర్డు కాలిపోతుంది.

ఛార్జింగు పెట్టేటప్పుడు పెద్దవాళ్లు దగ్గరుండాలి. మంచం మీద, సోఫా మీద పెట్టకూడదు. గచ్చు నేల మీదే పెట్టాలి. రాత్రి పెట్టి నిద్రపోకూడదు. ఆడి వచ్చిన వెంటనే కాక, వేడి తగ్గాకే ఛార్జింగు. పొంగిన బ్యాటరీని ఇక వాడకూడదు. చాలాకాలం వాడనప్పుడు నిండుగానూ కాక, ఖాళీగానూ కాక, సుమారు సగం ఛార్జితో ట్యాంకులోంచి తీసి పెట్టాలి.

కొన్ని ట్యాంకులు ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పేలుస్తాయి. కంటికి తగిలితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా, చిన్నపిల్లలు తిరిగే చోట ఆ సరదా వద్దు. గుండ్లకు బదులు పరారుణ కిరణాలతో 'కాల్చుకునే' మోడళ్లున్నాయి. దెబ్బ తగిలినకొద్దీ ట్యాంకు నెమ్మదించి చివరికి ఆగిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే అదే మేలు. పొగ వదిలే ట్యాంకయితే కంపెనీ చెప్పిన ద్రవమే వాడాలి. కిరోసిన్, కొబ్బరినూనె పోయకూడదు. ద్రవం అయిపోయాక కూడా నడిపితే లోపలి తీగ కాలిపోతుంది.

ఇక, పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేముందు డబ్బా మీద ఆ గుర్తుతో పాటు ఏ వయసువారికో కూడా చదవండి.

ఇంతకీ ఆ ట్యాంకు...

బ్రిటన్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఓ టైగర్ ఉంది. దాని నంబరు 131. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుబడింది. ఏళ్లతరబడి కష్టపడి దాన్ని మళ్లీ నడిచేలా చేశారు. 2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫ్యూరీ'లో కనిపించింది కూడా. అంతటి మ్యూజియం కూడా దాన్ని రోజూ నడపలేదు. గేర్లు అరిగిపోకుండా, ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే బయటికి తీస్తూ వచ్చింది. ఉన్నదాన్ని కాపాడుకోవడమే వాళ్ల దృష్టిలో గొప్ప.

మళ్లీ మన హాల్లోకి వద్దాం. తాతయ్య, మనవడు కలిసి ట్యాంకు విప్పారు. కుడివైపు ఇరుసుకి మూరెడు వెంట్రుక చుట్టుకుని ఉంది. దాంతో పెనుగులాడి లోపలి ప్లాస్టిక్ గేరులో రెండు పళ్లు పోయాయి. మనవడు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

''తాతయ్యా, ఈ గేరుతోనే మెటల్ ట్రాకులు వేసుంటే?''

''ఇంకో రెండు పళ్లు పోయేవి. మీ నాన్న జేబుక్కూడా చిల్లు పడేది.''

ఆర్డర్ పెట్టింది జత స్టీలు గేర్‌బాక్సులకే. ట్రాకుల సంగతి వచ్చే పుట్టినరోజుకి చూద్దామన్నారు. అవి వచ్చిన ఆదివారం పిల్లాడే బిగించాడు. స్క్రూ అందించడమే తాతయ్య పని. సాయంత్రం మేడ మీద ట్యాంకు మనిషి నడకకన్నా నెమ్మదిగా, కుడికీ ఎడమకీ చప్పుడు లేకుండా తిరిగింది. కిందికి వచ్చాక వాడు అడక్కుండానే టూత్‌బ్రష్ తీసుకున్నాడు. ఈసారి బ్యాటరీ కూడా వాడే ఊడదీశాడు.